నవ్వుల బిరుదులు

బహుమానమనగానే ఎవరికైనను తోచునవి వేదిక, శాలువ, జ్ఞాపిక, సుదీర్ఘములగు ఉపన్యాసములు. 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నెలకొల్పిన నంది బహుమతులు అట్టి గౌరవమునకు గుర్తులు. లేపాక్షి నంది ప్రతిమను ఇంటికి తెచ్చుకొన్న కళాకారుని లోకము ధన్యునిగా నెంచినది. అది ఉచితమే. కాని బహుమానములలో మరియొక జాతి కలదు. అది మెడలో దండ వేయదు. భుజము తట్టి నవ్వించును. చెదరిపోయిన మిత్రులను ఒకచోట చేర్చును. చిన్న ఊళ్లలో చిత్రములు తీయు యువకులకు మొదటి జాతికంటె ఈ రెండవ జాతియే ఎక్కువ అవసరము.

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమునకు ఈ మాట మరింతగా వర్తించును. ఇచ్చటి కళాభిరుచి నిన్న మొన్న పుట్టినది కాదు. పత్తికొండ 1858 వరకును, ఆదోని 1953 వరకును బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నడపిరి. ఇరువురును వకీళ్లు. తరువాతి తరమున వెలసిన బళ్లారి రాఘవయు వకీలే. ఆయన 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ చిత్రమునందును నటించెను. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము! నాటకము వారికి జీవనోపాధి కాదు. కనుక వారిని కలిపి ఉంచినది ధనము కాదు, సభ. ఆ సభ పేరులోనే సరసమును వినోదమును ఉండుట గమనింపదగినది.

నేడు రంగస్థలపు చోటును చాలవరకు చేతిఫోను ఆక్రమించినది. ప్రవీణ్ కాండ్రేగుల దర్శకత్వమున 2021లో వెలువడిన ‘సినిమా బండి’ యందు, తన ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరాతో ఒక డ్రైవరు ఊరివారినే నటులను చేసి చిత్రము తీయ పూనుకొనును. అది కల్పితకథయే అయినను, ఆ ఉత్సాహము కల్పితము కాదు. ఫోను చేతనున్న ఏ పల్లె విద్యార్థియైనను నేడు ఒక లఘుచిత్రమును తలపెట్టగలడు.

చిక్కు చిత్రము తీయుటలో లేదు. తీసినవారు నిలుచుటలో ఉన్నది. పడమటి కర్నూలు మెట్టసీమ. వానలు తప్పిన యేట కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపునకు, కూలిపనులకు బెంగుళూరునకు తరలిపోవుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే. తల్లిదండ్రుల వెంట పిల్లలును పోవుదురు. బడిలో బల్లలు బోసిపోవును. నాయకుడొక ఊర, ఛాయాగ్రాహకుడొక ఊర! చిత్రము ఫోనులో మిగులును. దానిని తీసిన బృందము మిగులదు.

అందువలన ఏటికొక రాత్రి, వలస వెళ్లినవారు అనేకులు ఇల్లు చేరు ఉగాది వేళ, ఒక నవ్వుల బహుమతి సభ జరుగుట మేలు. కత్తియుద్ధమున నిజముగనే జారిపడిన వీరునకొక బిరుదు. ఈగ వాలగానే ముక్కు గోకుకొన్న శవమునకొక బిరుదు. తన మాటలు మరచి ఎదుటివాని మాటలు చెప్పివేసిన నటునకొకటి. సంభాషణకంటె కోడికూతను స్పష్టముగ పట్టుకొన్న శబ్దగ్రాహకునకొకటి. బహుమానముగా ఆదోని పత్తితో చేసిన కిరీటము, ఎమ్మిగనూరు మగ్గముపై నేసిన తువాలు, పత్తికొండ సంతనుండి బుట్టెడు టమాటాలు చాలును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. 2014, 2015, 2016 సంవత్సరముల నంది బహుమతులు 2017 నవంబరులో ఒక్కసారిగా ప్రకటింపబడినవి. నవ్వు అంతకాలము ఆగజాలదు.

ఇది కళను చులకన చేయుట కాదా యని పెద్దలు శంకింపవచ్చును. అష్టావధానమున అప్రస్తుతప్రసంగమునకు ప్రత్యేకముగ ఒక పృచ్ఛకుడు కలడు. అవధాని ఏకాగ్రతకు భంగము కలిగించి నవ్వించుటయే అతని పని. విద్వత్సభ అతనికి ఆసనమిచ్చినదేగాని అవధానవిద్య చులకన కాలేదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడును బంగారక్కయు ప్రవేశించినంత మాత్రమున రామాయణమునకు లోటు రాలేదు. పరిచయము లేనివాని తప్పును ఎత్తిచూపుట నింద. కలిసి ఎండలో నిలిచినవాని తప్పును తలచుకొని నవ్వుట చెలిమి.

ఈ నవ్వునకు హద్దులు మాత్రము అవసరము. అమెరికాలో 1981లో జాన్ విల్సన్ తన ఇంటి ముందుగదిలో మిత్రులతో ప్రారంభించిన గోల్డెన్ రాస్బెర్రీ బహుమతులు ఆ యేటి అధమ చిత్రములకు ఈయబడును. 2005లో హాలీ బెర్రీ ‘క్యాట్‌వుమన్’ చిత్రమునకు వచ్చిన ఆ పరిహాస బహుమతిని స్వయముగా వేదికనెక్కి, ఒక చేత తన ఆస్కారు ప్రతిమను పట్టుకొని మరీ అందుకొన్నది. సభ అంతయు నవ్వినది. ఆమె గౌరవమును పెరిగినది. అదే సంస్థ 2023లో పన్నెండేండ్ల బాలనటిని అధమ నటుల జాబితాలో చేర్చి తీవ్రవిమర్శకు గురియైనది. పిమ్మట ఆ పేరును తొలగించి, పదునెనిమిదేండ్లు నిండనివారిని ఇకపై చేర్చరాదని నియమము చేసికొన్నది. పరిహాసము దానిని స్వీకరింపగల వానికే చేయదగునని ఈ రెండు ఉదంతములును చెప్పుచున్నవి.

కావున పాఠశాలలలో ఇట్టి సభ జరుపునపుడు ఉపాధ్యాయులు కొంత జాగ్రత్త వహింపవలెను. ఎవరి తప్పును వారే ముందుగా చెప్పుకొని బిరుదు కోరుకొనవలెను. రూపము, రంగు, కులము, పేదరికము, యాస నవ్వునకు వస్తువులు కారాదు. తొలి బిరుదును ప్రధానోపాధ్యాయుడే స్వీకరించినచో విద్యార్థుల బెరుకు తీరును.

ఆ రాత్రి జరుగవలసిన పని మరియొకటి కలదు. బృందములో ఉండి ఆ యేడు రాలేకపోయిన వారి పేర్లు కూడ వేదికపై పిలువవలెను. వారికి వచ్చిన బిరుదును ఫోనులో వినిపింపవలెను. దూరమున కూలిపనిలోనున్న బాలుడు తన పేరు విని నవ్వినచో, ఊరు తనను మరువలేదని గ్రహించును. బడికి తిరిగి రావలెనను కోరిక అతనికి అచ్చటనే కలుగవచ్చును.