మంచం కింద దాచిన డబ్బా



పోయిన నెల వైద్యం పని మీద మేమిద్దరం హైదరాబాదు వెళ్తున్నామని తెలిసి, మన సంఘంలోని ఒక తల్లి తెల్లవారకముందే మందిరం దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. "అయ్యగారూ, మావాడు అశోక్‌నగర్‌లో ఉన్నాడు గదా, ఈ రొయ్యపొట్టు కారం వాడికి ఇచ్చి రండి. అక్కడి కూరలు నోటికి ఎక్కడం లేదంట" అంది.

ఆ కారం వెనక ఎంత పని ఉందో సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లం మనకు తెలుసు. రొయ్యపొట్టులో ఇసుక లేకుండా చెరగాలి. తలలు, తోకలు ఏరాలి. సన్న సెగ మీద కరకరలాడేదాకా వేయించాలి. ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి దంచి, చివర్లో వెల్లుల్లి వేసి ఒక తిప్పు తిప్పాలి. కూలికి వెళ్లొచ్చి రాత్రి కూర్చుని చేసింది ఆ తల్లి.

మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కాం. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ లైనులో సుల్తాన్ బజార్, నారాయణగూడ దాటితే మూడో స్టేషన్ చిక్కడపల్లి. అక్కడి నుంచి అశోక్‌నగర్ వీధుల్లోకి నడిచాం. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా చదువుకునే పిల్లలే. గ్రూప్స్‌కి కొందరు, ఎస్సై ఉద్యోగానికి కొందరు, బ్యాంకు పరీక్షలకు కొందరు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పుస్తకాల సంచులతో గుంపులు గుంపులుగా ఉన్నారు. సందుకో మెస్సు, మలుపుకో కర్రీ పాయింట్, టిఫిను బండ్లు. జేబులో డబ్బు తక్కువైన రోజున ఈ పిల్లల కడుపు నింపేది 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం.

మనవాడి గదిలో నాలుగు మంచాలు. ఒకబ్బాయిది హుజూరాబాద్ వైపు, ఒకబ్బాయిది నిజామాబాద్ వైపు, ఇంకొకబ్బాయిది అనంతపురం జిల్లా. డబ్బా చేతికిస్తే మనవాడు సంతోషిస్తాడనుకున్నాం. వాడు గబుక్కున అందుకుని, మూత కూడా తీయకుండా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి మంచం కిందకు తోసేశాడు. అక్కడ అలాంటిదే ఇంకో డబ్బా కనిపించింది. అంతకుముందు తల్లి పంపింది. అదీ తెరవలేదు.

బయటికి తీసుకెళ్లి మెల్లిగా అడిగాం. అంతకుముందు ఉన్న హాస్టల్లో వాడు ఒకసారి ఆ డబ్బా తెరిచాడట. పక్క మంచం కుర్రాడు ముక్కు మూసుకున్నాడు. ఇంకొకడు "మీ ఇంట్లో ఇవే తింటార్రా?" అని నవ్వాడు. ఆ తర్వాత "ఏ ఊరు, ఏ పేట, మీవాళ్లేంటి?" అని ఆరా మొదలైంది. హాస్టల్ మారినా ఆ భయం మాత్రం వాణ్ని వదల్లేదు. "వీళ్లు మంచోళ్లే అయ్యగారూ. కానీ మళ్లీ ఎందుకులే అని..." అన్నాడు. అమ్మకు మాత్రం ఫోనులో "బాగుందమ్మా, అయిపోయింది" అని చెబుతున్నాడు.

మాకు కోపం వచ్చింది. ఆ నవ్విన వాళ్ల మీద నాలుగు మాటలు అనుకుంటూ గదిలోకి తిరిగి వచ్చాం. ఆ సమయానికి హుజూరాబాద్ అబ్బాయి ఒక కాగితం పరిచి, దాని మీద మందంగా, గుండ్రంగా, మధ్యలో వేలితో బెజ్జాలు పెట్టిన రొట్టెలాంటిది ఉంచి మా ముందు పెట్టాడు. "తినుండ్రి సార్, సర్వపిండి. మా నానమ్మ చేసి పంపింది" అన్నాడు.

నిన్నటిది కాబోలు, నూనె పైకి తేలి ఉంది. మేము ఎన్నడూ తిననిది. "వద్దు బాబూ, ఇప్పుడే తిన్నాం" అన్నాం. నిజానికి పొద్దున్నుంచి మేమేమీ తినలేదు. ఆ పిల్లవాడు "అయ్యో, పర్వాలేదు సార్" అని కాగితం మడిచేశాడు. మనవాడు మా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. కానీ ఆ చూపు మాకు తగిలింది. మంచం కింది డబ్బా గురించి బాధపడుతూనే, మేము ఇంకొకరి నానమ్మ డబ్బాను పక్కకు తోసేశాం.

యొప్పేలో మిద్దె మీద పేతురుకు కలిగిన దర్శనం గురించి మీకు ఎన్నిసార్లు ప్రసంగించామో మీకే తెలుసు. అంత దర్శనం చూసిన పేతురే, తర్వాత అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే ఆ బల్ల దగ్గర నుంచి జరుక్కున్నాడు. పౌలు అతణ్ని అందరి ముందు నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. పేతురు ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. బల్ల దగ్గర నుంచి లేచాడు, అంతే. దాన్నే పౌలు సువార్తకు సంబంధించిన తప్పుగా ఎంచాడు.

ఆ పిల్లవాణ్ని పిలిచి, "నాన్నా, అబద్ధం చెప్పాం. ఆకలిగానే ఉంది. పెట్టు" అన్నాం. వాడి ముఖం వెలిగింది. తింటుంటే ఎలా చేస్తారో కూడా చెప్పాడు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి కలుపుతారట. లోతైన సర్వ లోపలి గోడలకు, అడుగుకు ఆ పిండిని పలచగా అద్ది, వేలితో బెజ్జాలు పెట్టి నూనె వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచుతారట. ఒకటి అయ్యాక సర్వ చల్లారితే తప్ప రెండోదానికి పిండి అద్దడం కుదరదు, చెయ్యి కాలుతుంది. నలుగురికి నాలుగు కావాలంటే నానమ్మ ఎంతసేపు పొయ్యి దగ్గర కూర్చుందో లెక్క వేసుకోండి. నిజామాబాద్ అబ్బాయి అందుకుని, "మా దిక్కు గిన్నెప్ప అంటం" అన్నాడు. నల్గొండ వైపు ఇదే తపాలచెక్క అట. గిన్నెను బట్టి పేరు, ఊరిని బట్టి గిన్నె. అడుగు మాడీమాడనట్టు ఉన్న ఆ ముక్క రుచి మాకింకా నాలుక మీదే ఉంది.

అప్పుడు మనవాడు తనంతట తానే వంగి డబ్బా బయటికి తీశాడు.

ఆ తర్వాత అందరూ లొట్టలేసుకుని తిన్నారని రాస్తే మీకు బాగుంటుంది. కానీ జరిగింది అది కాదు. హుజూరాబాద్ అబ్బాయి వేడన్నంలో కలుపుకుని రెండోసారి అడిగాడు. నిజామాబాద్ అబ్బాయి ఒక ముద్ద తిని నీళ్లు తాగాడు. అనంతపురం అబ్బాయి ఇంట్లో మాంసం, చేప ముట్టరు. అతను, "నేను తినలేనన్నా. కానీ నువ్వు దాచుకోవద్దు. ఇక్కడే, మా మధ్యనే కూర్చుని తిను" అన్నాడు. ఆ రోజు మేము విన్న మంచి ప్రసంగం అదే.

ప్రియులారా, ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. కొత్త వంట నచ్చి తీరాలన్న నియమం లేదు. ఒంటికి పడనిది, డాక్టరు వద్దన్నది, మనస్సాక్షి ఒప్పుకోనిది తినమని ఎవరూ బలవంతం చేయకూడదు. తినేవాడు తిననివాణ్ని, తిననివాడు తినేవాణ్ని తక్కువగా చూడకూడదని రోమా పత్రిక 14వ అధ్యాయం మనకు నేర్పింది. నలుగురున్న గదిలో కిటికీ తెరిచి తినడం, మూత గట్టిగా పెట్టడం కూడా ప్రేమే. కానీ నవ్వడం వేరు. ముక్కు మూసుకోవడం వేరు. ఆ వాసన వెనక ఒక తల్లి ఉంది, ఒక ఊరు ఉంది. ఆ పేటలో పెరిగిన పిల్లవాడు మన ముఖాన్నే చూస్తూ ఉంటాడు.

ఇంకొక సంగతి. నగరంలో సాయంత్రం పూట రోడ్డు పక్కన ఆడవాళ్లు చేత్తో తట్టి కాల్చే జొన్నరొట్టెల కోసం కార్లు ఆపుకుని నిలబడేవాళ్లను చూశాం. జొన్న, సజ్జ, వరిగ మన తాతల కాలంలో పేదవాడి తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మన ఇళ్లలో అవి ఇంకా తగ్గిపోయాయి. పెళ్లిలో ఎవరైనా సంకటి పెడితే చిన్నచూపు చూసిన రోజులు మాకు గుర్తే. ఇప్పుడు షుగర్ వ్యాధి వచ్చి, డాక్టరు చెప్పి, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అదే రొట్టెకు గౌరవం వచ్చింది. మంచిదే. కానీ ఆ రొట్టె తిని బతికిన మనుషులకు ఆ గౌరవం ఎప్పుడు ఇస్తాం? పెద్దవాళ్లు మెచ్చితేనే మన అమ్మ వంట మంచిదవుతుందా?

ఇక మన సంఘం సంగతికి వస్తాం. రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తున్నాం. పోయిన క్రిస్మస్ ప్రేమవిందులో అందరూ ఇంటి నుంచి ఒక గిన్నె తెచ్చారు. సాయంత్రానికి అన్ని గిన్నెలూ ఖాళీ. ఒక్క కుటుంబం గిన్నె మాత్రం నిండుగా తిరిగిపోయింది. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. "కడుపు నిండింది" అన్నారు. ఆ గిన్నె ఏ ఇంటిదో, ఎందుకు నిండుగా వెళ్లిందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మేము చూశాం, చూసి ఊరుకున్నాం. అశోక్‌నగర్‌లో నవ్విన ఆ కుర్రవాళ్ల కంటే మేమేం గొప్ప? వాళ్లకు లేఖనాలు తెలియవు. మాకు తెలుసు. ఆ కుటుంబాన్ని మేము ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఇప్పుడు మీ అందరి ముందూ అడుగుతున్నాం.

బెత్లెహేము పొలంలో కోత కోసేవాళ్ల మధ్య మోయాబు నుంచి వచ్చిన రూతు కూర్చున్న పూటను తలచుకోండి. బోయజు ఆమెను దగ్గరికి పిలిచి, తమ రొట్టెను తాము ముంచుకునే దానిలోనే ముంచుకోమన్నాడు. ఆమెకు అది పరాయి దేశపు తిండి. కడుపునిండా తిని, మిగిలింది అత్తకు కూడా పట్టుకెళ్లింది. ఆ ఇంటి వంశంలోనే దావీదు పుట్టాడు. ఆ పూట బల్ల దగ్గర ఆమెకు చోటు ఇవ్వకపోయి ఉంటే?

అందుకని వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి రెండు పనులు చేద్దాం. ఒకటి, ప్రేమవిందుకు వంటమేస్త్రి చేసిన బిర్యానీ వద్దు. ప్రతి ఇల్లూ మామూలు రోజున తాను వండుకునేదే తేవాలి. అంబలైనా సరే, ఎండుచేపల పులుసైనా సరే, పప్పుచారైనా సరే. తినని వాటి గురించి మొహమాటం లేకుండా చెప్పండి, కానీ ప్రతి గిన్నె దగ్గరా ఆగి "ఇది ఎలా చేశావమ్మా?" అని అడగండి. మా పళ్లెంలో మొదటి ముద్ద ఎవరూ ముట్టని గిన్నెలోదే.

రెండు, తల్లులారా, మీ వంట కూతుళ్లకే కాదు, కొడుకులకూ నేర్పండి. "ఉప్పు చూసుకుని వేసుకో, కారం నీకే తెలుస్తుంది" అంటే పిల్లలకు తెలియదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్ని గుప్పెళ్లో, ఎంతసేపో చూపించండి. పరీక్షలకు వెళ్లిన పిల్లలు ఏళ్ల తరబడి కర్రీ పాయింట్ కూరల మీద బతుకుతున్నారు. మీరు పోయాక మీ చేతి వంట వాళ్లకు ఎవరు పెడతారు?

అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నాను మొదటిసారి చూసినప్పుడు "ఇదేమిటి?" అని ఒకరినొకరు అడిగారు. ఆ ప్రశ్నే దాని పేరయింది. కొత్తిమెర గింజలా కనిపించిన ఆ తెలియని తిండిని ఏరుకుని తిన్నారు కాబట్టే బతికారు. తర్వాత దానిలో కొంత ఒక పాత్రలో పోసి, రాబోయే తరాలు చూడాలని దాచమన్నాడు దేవుడు. ఆ పాత్రను సిగ్గుపడి దాచలేదు, పిల్లలకు చూపించడానికే దాచారు.

మొన్న మనవాడు వాళ్లమ్మకు ఫోను చేసి, రొయ్యపొట్టు కారం ఈసారి రెండు డబ్బాలు పంపమన్నాడట. ఒకటి హుజూరాబాద్ అబ్బాయి వాళ్ల నానమ్మకు.

దేవుడు మన బల్లలను దీవించును గాక. ఆమేన్.