జియాలజీ సదివినోళ్లకు కొలువులు లేక కాదు, పెట్టక!

"జియాలజీ సదివితే నౌకరి ఏడొస్తది?" ఊర్లల్ల పోరలను అందరు అడిగేది గిదే. నేను కాలేజీల రాళ్ల సదువు సదివినోన్ని కాదు. బోర్ల కాడ, క్వారీల కాడ, ధర్నాల కాడ నేర్సుకున్నోన్ని. అయినా ఈ ముచ్చట నేను మాట్లాడాలె, ఎందుకంటే నష్టం సదివినోళ్లది ఒక్కటే కాదు.

హైదరాబాద్ సంగతి సూడుండ్రి. బండ్లగూడల జీఎస్ఐ ఆఫీసు, శిక్షణ సంస్థ ఉన్నయి. ఉప్పల్ల ఎన్‌జీఆర్‌ఐ, బేగంపేటల అణు ఖనిజాల డైరెక్టరేట్, మాసాబ్ ట్యాంక్ కాడ ఎన్ఎండీసీ ఉన్నయి. 1871ల ఇల్లెందు బొగ్గు జాడ పట్టింది కూడ జీఎస్ఐ మనిషే, డాక్టర్ కింగ్. దేశంల రాళ్ల కొలువులకు మన పట్నమే పెద్ద అడ్డా. కాని లోపటికి పోయే దర్వాజ సన్నం. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకు పీజీ కావాలె, వయసు 21 నుంచి 32 లోపట ఉండాలె. ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా కూడ జియాలజిస్టుకు పీజీనే అడుగుతయి. బీఎస్సీతోనే ఆగిన పేదింటి చెల్లెకు ఈ సంగతి అడ్మిషన్ నాడే చెప్పేటోళ్లు లేరు.

పీజీ చేసినా ఎన్ని కొలువులు? యూపీఎస్సీ 2023ల 285 పోస్టులేసింది, 2024ల 56, 2025ల 85. దేశమంతటికి కలిపి! అదే 2025 జనవరిల కేంద్రం కీలక ఖనిజాల మిషన్ అని పెట్టి, 2031 లోపట జీఎస్ఐ 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేస్తదన్నది. మనుషులను తీసుకోకుండ పని ఎవరు చేస్తరు? కాంట్రాక్టు మీద, తక్కువ జీతానికి, రేపు తీసేస్తరేమో అన్న భయంతోని పనిచేసే పోరలే గద.

ఇగ ఊరికి వద్దాం. తెలంగాణల ఎక్కువ భాగం గ్రానైటు నేల. ఆ రాయి కింద నీళ్లు చెరువు తీరు నిండి ఉండయి. పైన మెత్తబడ్డ పొరల, దాని కింద పగుళ్లల్ల ఉంటయి. నాలుగు ఇనుప కడ్డీలు నాటి భూమిలకు కరెంటు పంపి, రాయి ఎంత అడ్డుకుంటదో కొలిస్తే ఆ పగులు జాడ చానామట్టుకు దొరుకుతది. నీళ్లు ఖాయమని కాదు, గుడ్డిగా తవ్వుడు తప్పుతది. మన రైతు మాత్రం అరచేతిల కొబ్బరికాయ లేస్తే పాయింటు అనుకుంటడు. కొబ్బరికాయ పట్టేటాయనను నేను తప్పు పట్ట. పిలిస్తే తెల్లారేసరికి వచ్చేది ఆయనొక్కడే! బోరుకు అనుమతి కావాలని 2002 నుంచి వాల్టా చట్టం ఉన్నది, పొలం కాడికి మనిషి రాడు. ఎండిన బోరు అప్పు మాత్రం రైతు నెత్తి మీద, ఆడిబిడ్డల పుస్తెల మీద పడుతది. లోతుకు పోతే పోతే ఫ్లోరైడ్ ఏమైతదో మర్రిగూడ దిక్కు పోయి సూడాలె.

పంటకు సలహా ఇయ్యనీకి క్లస్టర్‌కొక ఏఈఓ ఉన్నడు. మరి నీళ్లకు? రాష్ట్రంల 600కు పైగా మండలాలున్నయి. మండలానికొక భూగర్భజల నిపుణుణ్ని పెడితే 600 మందికి పైగా కొలువు. 2025ల యూపీఎస్సీ దేశమంతటికి ఇచ్చిన 85కు ఏడింతలు. జీతాలకు పైసలేడియి అంటరా? ఊరూరా ఏటేటా ఎండిన బోర్ల మీద పోసిన పైసలు ఒక్కసారి లెక్కగట్టుండ్రి.

సొరంగాలదీ అదే కథ. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నరు. వేరే రాష్ట్రాలకెళ్లి బతకనీకి వచ్చినోళ్లు. కూలినంక జీఎస్ఐ, ఎన్‌జీఆర్‌ఐ వాళ్లను ఉరుకులు పరుగుల మీద పిలిచిన్రు. రాయి మెత్తగున్న కాడ తవ్వకం ఆపుమని చెప్పే అధికారం, ఆ మాట వినే కాంట్రాక్టరు ముందు నుంచే ఉండాలె గద!

"మైనింగ్ వద్దని జెండా పట్టేటోనివి, నీకెందుకయ్య జియాలజిస్టుల కొలువులు?" అని దోస్తులు ఎక్కిరిస్తరు. 2019ల నల్లమల యురేనియం మీద కొట్లాడినప్పుడే నాకు సమజైంది. కంపెనీ దిక్కు రిపోర్టు రాసేటోడు ఉంటడు, గూడెం దిక్కు ఆ రిపోర్టు సదివి చెప్పేటోడు ఉండడు. ప్రజాభిప్రాయ సేకరణ నాడు పర్యావరణ నివేదికలను జనం భాషల ఇప్పి చెప్పే కొలువు ఏ నోటిఫికేషన్ల లేదు. గ్రామసభకు దాన్ని అడిగే హక్కు ఉండాలె, జీతం సర్కారు ఇయ్యాలె.

మీ ఎమ్మెల్యే ఊర్లెకు వచ్చినప్పుడు గీ ఒక్కటి అడుగుండ్రి: మా మండలంల బోరు పాయింటు సూసే సర్కారు జియాలజిస్టు పేరేంది, ఫోన్ నంబరేంది?