ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’!

వేసవిలో పుల్లలచెరువు వైపు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే ఏసీ మొరాయిస్తుంది. ‘గ్యాస్ అయిపోయినట్టుంది’ అంటూ మార్కాపురానికో ఎర్రగొండపాలేనికో మెకానిక్ కోసం ఫోన్ వెళుతుంది. అతనొచ్చి గ్యాస్ నింపితే చల్లగాలి వస్తుంది. కొన్నాళ్లకే కథ మళ్లీ మొదటికి!

నిజానికి ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చవదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకెళుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ముందు దాన్ని సరిచేయించాలి.

అంతకన్నా ముఖ్యం... నింపేది ఏ గ్యాస్ అన్నది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 మండదు, కానీ ఓజోన్ పొరకు చేటు. అందుకే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం క్రమంగా తప్పుకుంటోంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎ ఓజోన్ జోలికి పోదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం కార్బన్ డయాక్సైడ్‌కన్నా రెండువేల రెట్లు ఎక్కువ. ఆర్-32కి వచ్చేసరికి అది 675 రెట్లకు తగ్గింది, కానీ కాస్త మండే గుణముంది. ఆర్-290 అంటే ప్రొపేన్. వాతావరణానికి హాని నామమాత్రమే, అయితే ఇట్టే అంటుకుంటుంది.

ఏ గ్యాస్‌కు తగ్గట్టు ఆ ఏసీని తయారుచేస్తారు. ఆర్-410ఎ ఒత్తిడి ఆర్-22 కన్నా దాదాపు 60 శాతం ఎక్కువ. పాత ఏసీలో నింపితే గొట్టాలూ కంప్రెసరూ తట్టుకోలేవు. అందులోని మినరల్ ఆయిల్‌తో ఆ గ్యాస్ కలవదు కాబట్టి, నూనె అందక కంప్రెసర్ పట్టేస్తుంది. ఇక ప్రొపేనో, వంటగ్యాసో నింపితే... లీకైనప్పుడు స్విచ్చి దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు, ప్రాణాలమీదికి వస్తుంది.

అందుకే మెకానిక్ వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకోండి. బయటి యూనిట్ మీది లేబుల్‌పై గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టాలో రాసి ఉంటాయి. అదే గ్యాస్‌ను తూకం వేసి నింపమనండి. లీకు పరీక్షకు నైట్రోజన్ వాడాలి. ఆక్సిజన్ వాడితే కంప్రెసర్‌లోని నూనెతో కలిసి పేలిపోవచ్చు. గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ తీసేయాలి. పని జరుగుతున్నంతసేపూ తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. ఈ గ్యాసులకు చాలావరకు వాసన ఉండదు, లీకైనా ముక్కు పసిగట్టలేదు.

కూరగాయలు కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఇంటిల్లిపాదీ నిద్రపోయే గదిలోని యంత్రం గురించి అడగడానికి మొహమాటమెందుకు?