వానను నమ్ముకున్న పచ్చికకు ఎండ కాసినప్పుడు

ఐర్లండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరన్ లెక్క ప్రకారం ఒకే చోట వరసగా అయిదు రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ దేశంలో అది వడగాడ్పు కిందికి వస్తుంది. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలకు చేరితే తప్ప ఆ మాట ఎత్తని భారత వాతావరణ శాఖ కొలమానానికి అలవాటుపడిన వారికి ఈ నిర్వచనం నవ్వు తెప్పించవచ్చు. ఐర్లండ్‌లో ఇంతవరకు అధికారికంగా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 33.3 డిగ్రీలు, అది కూడా 1887 జూన్ 26న కిల్కెనీ కోట దగ్గర నమోదైనది. 2022 జూలై 18న డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కులో పాదరసం 33 దాకా వెళ్లి ఆ రికార్డును అందుకోలేక ఆగిపోయింది. ఆ దేశ చరిత్రలోనే అత్యంత వెచ్చనిదని తాత్కాలిక గణాంకాలు తేల్చిన 2025 వేసవి సగటు ఉష్ణోగ్రత, రాత్రిపగళ్లు కలిపి, 16.19 డిగ్రీలు మాత్రమే. ఈ అంకెలను చూసి ఐరిష్ రైతుకు ఎండ ఒక సమస్యే కాదనుకోవడం పొరపాటు. ఎండ సేద్యం మీద మోపే బరువు థర్మామీటరు కంటే ఆ సేద్యం దేనిని ఆధారం చేసుకుని నిలబడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఐరిష్ సేద్యానికి ఆధారం పచ్చిక, పచ్చికకు ఆధారం వారం తప్పకుండా పడే వాన. ఆ వాన మీద భరోసాతోనే అక్కడ మందల పరిమాణం, ఈతల కాలం, నీటి గొట్టాల వెడల్పు, చివరకు రైతు దినచర్య కూడా నిర్ణయమై ఉన్నాయి.

2020 వ్యవసాయ గణన ప్రకారం ఆ దేశంలో 1,35,037 కమతాలున్నాయి, సగటు విస్తీర్ణం 33.4 హెక్టార్లు. సాగులో ఉన్న నేలలో పదింట తొమ్మిది వంతుల దాకా పచ్చికే కావడం, పశువులకు దాణాగింజ కంటే మేసిన గడ్డే ప్రధానాహారం కావడం వల్ల ఐరిష్ పాలు ఐరోపాలో చవగ్గా ఉత్పత్తయ్యే పాలలో ఒకటిగా నిలిచాయి. నేల ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు దాటితే గడ్డి చిగురించడం మొదలవుతుంది, కాబట్టి పాడి రైతులు తమ ఆవుల్లో ఎక్కువ భాగం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఈనేలా చూసుకుంటారు. అలాగైతే పాల వెల్లువా గడ్డి వెల్లువా రెండూ మే నెలలో కలుస్తాయి. పొలాన్ని విద్యుత్ తీగలతో చిన్న చిన్న మడులుగా విడగొట్టి, మందను ఒక్కొక్క మడిలో ఒకటి రెండు రోజులు మేపి, దాదాపు మూడు వారాలకు మళ్లీ మొదటి మడికి తీసుకురావడం అక్కడి పద్ధతి. వారానికోసారి రైతు చేతికర్ర లాంటి కొలత పరికరంతో మడులన్నీ తిరిగి, దాని అడుగున ఉన్న పళ్లెం గడ్డి మీద ఎంత ఎత్తున నిలిచిందో చూసి, ఎన్ని రోజుల మేత ఉందో లెక్క కడతాడు. ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన, విస్తరణ సంస్థ టేగస్క్ ఈ లెక్కలను దేశమంతటా సేకరిస్తుంది. మామూలు వేసవిలో హెక్టారుకు రోజుకు అరవై కిలోలకు అటూఇటూగా గడ్డి పెరుగుతుంది; ఇక్కడ లెక్కించేది నీరు పోగా మిగిలే పొడి పదార్థం బరువు.

ఈ ఏర్పాటంతా అందంగా నడుస్తుంది, వాన పడుతున్నంత కాలం. రైగ్రాస్ అనే ప్రధానమైన పచ్చిక రకం వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. ఎండ కాసిన రోజున పచ్చిక మూడు నాలుగు మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. ఆ నీరు వాన రూపంలో తిరిగి రాకపోతే పేరుకునే బాకీని నేల తేమ లోటు అంటారు. పచ్చికకు నీరు పెట్టే కాలువలుగాని, బోర్లుగాని అక్కడ లేవు, ఎప్పుడూ అవసరం పడలేదు. 0.2 మిల్లీమీటర్ల వాన కూడా పడని రోజులు వరసగా పదిహేనుకు చేరితే మెట్ ఏరన్ దాన్ని సంపూర్ణ అనావృష్టి అంటుంది. 2018 జూన్, జూలై నెలల్లో చాలా చోట్ల ఆ గీటు దాటిపోవడంతో, తేలిక నేలలున్న ఆగ్నేయ ప్రాంతంలో గడ్డి పెరుగుదల మామూలులో మూడో వంతుకు, కొన్ని పొలాల్లో అంతకంటే కిందికి పడిపోయింది. అదే జూలైలో బోయిన్ లోయలోని న్యూగ్రేంజ్ సమీపాన ఒక పొలంలో, ఎండిన పైరు మధ్య పచ్చగా మిగిలిన చారలు పెద్ద వలయాల ఆకారంలో ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో కనిపించాయి. వేల ఏళ్ల కిందట తవ్వి పూడిపోయిన కందకాల్లో మట్టి లోతుగా ఉండి, తేమను కాస్త ఎక్కువ కాలం పట్టి ఉంచడమే అందుకు కారణం. పురావస్తు శాస్త్రవేత్తలకు అది పండగ. మిగతా పొలంలో మట్టి ఎంత తక్కువ నీటిని దాచుకుంటుందో అదే ఫొటోలో రైతుకూ కనిపించింది.

ఎండ రోజుల్లో పొలం పని ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే నీటి తొట్టి దగ్గర చూడాలి. పాలిచ్చే ఆవు చల్లని రోజుల్లో తాగే నీటికి వేడి రోజుల్లో మరో సగం కలుస్తుంది, వంద లీటర్లు తాగేవీ ఉంటాయి. అందులోనూ పెద్ద వాటా సాయంత్రం పాలు పితికి వదలగానే, మంద మొత్తం ఒక్కసారి తొట్టి మీద పడినప్పుడే తాగుతుంది. తొట్టిలో తేలే బంతి కిందికి దిగి, కవాటం తెరుచుకుని, నీరు సన్నగా కారుతుంది. ముప్పై ఆవుల రోజుల్లో వేసిన అరంగుళం గొట్టం తొంభై ఆవుల దాహానికి చాలదు. బలమైన ఆవులు ముందు తాగేస్తాయి. వెనక నిలబడ్డవి, ముఖ్యంగా తొలిచూలువి, ఖాళీ తొట్టిని నాకి మడిలోకి వెళ్లిపోతాయి. మర్నాడు పాల ట్యాంకులో మట్టం తగ్గుతుంది. సొంత బావి ఉన్నవారికి అది అడుగంటుతుందేమోనన్న దిగులు, ఊరి పథకం నీటి మీద ఆధారపడిన వారికి పీడనం తగ్గుతుందన్న దిగులు.

25 డిగ్రీల గీటు ఆవుకు కూడా దాదాపు అక్కడే ఉండడం గమనించదగినది. నెమరువేసే జంతువు కడుపులో గడ్డి పులియడం వల్ల లోపలి నుంచే వేడి పుడుతుంది. పాలు ఎక్కువ ఇచ్చేకొద్దీ తినేదీ, పుట్టే వేడీ ఎక్కువ. కాబట్టి మనిషికి హాయిగా ఉన్న రోజున హోల్‌స్టీన్ ఫ్రీజియన్ ఆవు వేగంగా రొప్పుతూ నీడ వెతుక్కుంటుంది. దేశంలో అడవి పన్నెండు శాతానికి మించనందువల్ల పొలాల గట్ల మీది కంచె చెట్లే నీడ, ఆ కంచెలను కూడా గతంలో యంత్రాల తిరుగుడుకు అడ్డమని చాలా చోట్ల కొట్టేశారు. గొర్రెలకు మరో బెడద: వెచ్చదనానికి పచ్చ ఈగలు బొచ్చులో గుడ్లు పెడితే, పొదిగిన పురుగులు బతికున్న చర్మాన్నే తొలిచేస్తాయి. అందుకే ఉన్ని అమ్మగా వచ్చే డబ్బు కత్తిరింపు కూలికి కూడా చాలకపోయినా, గొర్రె బతకాలంటే వేసవిలో బొచ్చు తీయక తప్పదు.

మనిషి సంగతి అంతకంటే తక్కువగా చర్చకు వస్తుంది. జూన్ చివర్లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. తెల్లవారి అయిదుకే సూర్యోదయమైపోతుంది. ఈ రెండింటి నడుమ రెండు పూటల పాల పితుకుడు, మేత కోత, నీటి పర్యవేక్షణ అన్నీ తరచూ ఒకే మనిషి మీద పడతాయి. ఎండకు తట్టుకోలేని లేత చర్మం ఆ జాతికి సహజం. దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ చర్మ క్యాన్సరే. మేఘావృతమైన దేశంలో ఎండ కాయడమే భాగ్యమనుకుని చొక్కా విప్పి ట్రాక్టరెక్కే అలవాటును తప్పుపట్టడం తేలిక, మాన్పించడం కష్టం. వ్యవసాయంలో పనిచేసేవారు దేశ శ్రామికుల్లో అతి చిన్న భాగమే అయినా, పని స్థలాల్లో జరిగే మరణాల్లో మూడో వంతు నుంచి సగం దాకా పొలాల్లోనే సంభవిస్తుంటాయి, మృతుల్లో వృద్ధ రైతులు ఎక్కువ. మేత కోత రోజుల్లో అద్దె యంత్రాలవారు ఒక పొలం ముగించి మరో పొలానికి పరుగెడుతూ అర్ధరాత్రి దాకా పనిచేయడం, అదే సమయంలో బడులకు సెలవులిచ్చి పిల్లలు దొడ్లో ఆడుకుంటూ ఉండడం ఈ ప్రమాదాలకు తోడవుతాయి. పశువుల కొట్టం కింద గుంటలో నిలవచేసిన పేడ ద్రవాన్ని కలియతిప్పినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. గాలి ఆడని ఉక్క రోజున అది అక్కడే నిలిచి, రెండు మూడు శ్వాసల్లో మనిషిని పడగొట్టగలదు.

ఇదే ఎండ ఒకప్పుడు అక్కడ వరం. ఎండుగడ్డి చేయాలంటే కోసిన గడ్డిని తిరగేస్తూ మూడు నాలుగు రోజులు వాన తగలకుండా ఆరబెట్టాలి, అటువంటి రోజులు వేసవి మొత్తంలో వేళ్లమీద లెక్కపెట్టేటన్నే దొరికేవి. ఆకాశం తేటపడగానే ఇరుగుపొరుగు రైతులు మూకుమ్మడిగా ఒకరి పొలం తర్వాత ఒకరి పొలంలోకి దిగేవారు. కూలి డబ్బు లేని ఈ బదులు పనిని ఐరిష్ భాషలో మెహల్ అంటారు. పొడవాటి పిడి ఉన్న ముళ్లకర్రలతో గడ్డిని పోగులు వేయడం, పోగు మీద పిల్లలు ఎక్కి తొక్కడం, పొలంలోకే టీ, రొట్టె రావడం ముసలి రైతుల మాటల్లో ఇప్పటికీ బతికి ఉన్నాయి. ఆ జ్ఞాపకాల్లో వాన తగిలి కుళ్లిన గడ్డి, ఆ చలికాలం బక్కచిక్కిన ఆవులు అంతగా కనిపించవు. 1970ల తర్వాత పాతరగడ్డి, అంటే పచ్చిగానే కోసి గాలి తగలకుండా నొక్కి పులియబెట్టే మేత, ఎండుగడ్డి స్థానాన్ని ఆక్రమించింది. దానికి ఒకటి రెండు పొడి రోజులు చాలు, యంత్రం చాలు, నల్ల ప్లాస్టిక్ చుట్ట చాలు. రైతు ఎండకు ఎదురుచూడాల్సిన పని తప్పింది. పొరుగువారితో పని కూడా తప్పింది.

ఎండ దేశమంతటినీ ఒకేలా తాకదన్నది విధాన నిర్ణేతలు తరచూ మరిచే విషయం. వెక్స్‌ఫర్డ్ తేలిక నేల మాడిపోతున్న వారంలోనే, నీరింకని బరువు నేలలున్న లీట్రిమ్‌లో రైతు మొదటిసారిగా ట్రాక్టరు దిగబడకుండా పొలంలోకి వెళ్లగలుగుతాడు. బాగ్ అనే చిత్తడి నేలల్లో తవ్విన పీట్ ఇటుకలను ఆరబెట్టుకునే కుటుంబాలకు ఎండ కావాలి. బంగాళదుంప రైతుకు మాత్రం పొడి ఎండ కంటే తేమతో కూడిన వెచ్చదనమంటే భయం. 1845లో మొదలైన మహాక్షామానికి కారణమైన ఆకుమాడు తెగులు అటువంటి వాతావరణంలోనే పాకుతుంది, మెట్ ఏరన్ నేటికీ వేసవిలో ఆ తెగులు హెచ్చరికలు జారీ చేస్తుంది. క్లేర్ జిల్లాలోని బరెన్ సున్నపురాతి గుట్టల సంగతి మరీ విచిత్రం. ఐరోపాలోని కొండ ప్రాంతాల్లో పశువులను వేసవిలో కొండెక్కిస్తారు. వేసవిలో నీరు నిలవని ఆ గుట్టల మీదికి బరెన్ రైతులు చలికాలంలో తోలుతారు, ఎండాకాలం దించేస్తారు. తమ నేలలో నీరెప్పుడు కరవవుతుందో ముందే తెలిసినవారు పంచాంగాన్నే తిప్పి రాసుకున్నారు.

మిగతా దేశంలో జరిగింది దీనికి విరుద్ధం. 1984 నుంచి అమల్లో ఉన్న ఐరోపా పాల కోటాలు 2015 మార్చి 31తో ముగియగా, 2010 ప్రాంతంలో పది లక్షలకు కాస్త పైన ఉన్న పాడి ఆవుల సంఖ్య పదిహేను లక్షలు దాటింది. మంద పెరిగినంతగా భూమి పెరగలేదు, నీటి గొట్టాలూ మేత నిల్వలూ పెరగలేదు. కొత్త పాలశాలకు అప్పు తెచ్చినవాడికి ప్రతి మడీ ఆవుతో నిండి ఉండాల్సిందే. 2018 ఈ లెక్కలోని లోపాన్ని బయటపెట్టింది. ఆ మార్చి మొదట్లో ఎమ్మా తుపాను మంచు వల్ల వసంతం ఆలస్యమై, నిల్వలు అయిపోయి, బయటి దేశాల నుంచి మేత తెప్పించుకున్న రైతులకు జూన్‌లో అనావృష్టి ఎదురైంది. చలికాలానికని జూన్‌లో చుట్టిన పాతరగడ్డినే జూలైలో విప్పి మేపాల్సి వచ్చింది. ప్రభుత్వం మేత దిగుమతికి సాయం ప్రకటించింది, ధాన్యం రైతులు మేత పైర్లు వేస్తే ప్రోత్సాహకం ఇచ్చింది. అవి అవసరమే గాని, ఇల్లు అంటుకున్నాక బావి తవ్విన చందానే ఉన్నాయి.

అనావృష్టి కంటే అతివృష్టే తమ అసలు శత్రువని రైతులు అనడంలో న్యాయముంది. 2023 జూలై అక్కడ రికార్డుల్లోకెల్లా అత్యధిక వర్షపాతం పడిన జూలై. ఆ తర్వాతి వసంతంలో తడిసిన పొలాల్లోకి ఆవులను వదలలేక మళ్లీ మేతకే కటకటపడ్డారు. అయితే ఈ వాదన వారి మీదికే తిరుగుతుంది, ఎందుకంటే ఎండకైనా వానకైనా కావలసింది ఒకే మిగులు మేత, ఆ మిగులుకు కావలసింది హెక్టారుకు ఒకటి అర ఆవు తక్కువ. లోతుగా వేళ్లూనే షికోరీ, ప్లాంటెయిన్ మొక్కలను, తెల్ల క్లోవర్‌ను రైగ్రాస్‌తో కలిపి చల్లితే పచ్చిక ఎండను కొంత తట్టుకుంటుంది, ఎరువూ తగ్గుతుంది. గొట్టం మార్చడం చవకైన పని. మంద తగ్గించడమే ఎవరూ వినదలచుకోని మాట.

ఆ మాట ఇప్పుడు మరో దారిలో వస్తోంది. ఐరోపా నిబంధన ప్రకారం పశువుల ఎరువు ద్వారా హెక్టారుకు 170 కిలోలకు మించి నత్రజని పడకూడదు. ఐర్లండ్‌కు ప్రత్యేక మినహాయింపుగా ఇచ్చిన 250 కిలోల పరిమితిని నదుల కాలుష్యం కారణంగా 2024 నుంచి చాలా ప్రాంతాల్లో 220కి తగ్గించారు. రైతు సంఘాలు దీన్ని పర్యావరణవాదుల ఒత్తిడిగానే చూస్తున్నాయి, ఆ వాదోపవాదాల్లో జూలై ఎండ ప్రస్తావన అరుదు. కానీ ఎండిన గడ్డి నత్రజనిని పీల్చుకోలేదు. వేసవిలో చల్లిన ఎరువు, ఆవులు విడిచిన మూత్రం నేలలోనే మిగిలిపోయి, శరదృతువులో తొలి గట్టి వానకు నైట్రేటుగా మారి, ఇంకి నదిలోకి చేరుతుంది. 2018 తర్వాత నీటి పరీక్షల్లో కనిపించింది అదే.