గాలి ఇచ్చేది, గాలి పుచ్చుకునేది



మొన్న మా మనుమరాలు నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, గన్నవరంలో విమానం ఎక్కితే హైదరాబాదు ఎంతసేపట్లో చేరతాం?" అని. మన కోడూరు నుండి బస్సులో గన్నవరం చేరడానికే రెండు గంటలు దాటుతుంది మరి!

లెక్క వేద్దాం రండి. గన్నవరం నుండి శంషాబాదుకు, దారం బిగించి పట్టినట్టు తిన్నగా కొలిస్తే, సుమారు 264 కిలోమీటర్లు. పంకాలు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. భాగించి చూడండి. 32 నిమిషాలైనా పట్టదు! కాని టిక్కెట్టు మీద గంటకు అటూ ఇటూగా ఉంటుంది. విమానం నేలమీద మెల్లగా నడిచి రన్‌వే చేరాలి. పైకి లేచేటప్పుడూ, దిగేటప్పుడూ వేగం తక్కువ. ఒక్కొక్కప్పుడు తన వంతు వచ్చేదాకా ఆకాశంలోనే చుట్లు తిరగాలి.

ఇక గాలి సంగతి. దీనికి ముందు నేను చేసిన పొరపాటొకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం తరగతిలో ఒక లెక్క ఇచ్చాను. పడవ వేగం గంటకు 5 కిలోమీటర్లు, ఏటి వేగం 1. వాలుకు 24 కిలోమీటర్లు పోయి, ఎదురెక్కి తిరిగి రావాలి. ఎంతసేపు? (మన హంసలదీవి దగ్గర ఆటుపోట్లు కూడా ఉంటాయిగాని, వాటిని లెక్కలోకి తీసుకోలేదు.) ఒక అబ్బాయి లేచి, "పది గంటలండీ" అన్నాడు. "పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుందిరా! నిలవ నీటిలో ఎంతో అంతే. 9 గంటల 36 నిమిషాలు" అని కూర్చోబెట్టాను.

ఆ రాత్రి కాగితం మీద వేసి చూసుకుంటే పోవడానికి 4 గంటలు, రావడానికి 6. వాడిదే ఒప్పు! ఎదురెక్కడంలో ఎక్కువసేపు ఉంటాం కనుక నష్టం ఎక్కువ. మర్నాడే ఒప్పుకోవలసింది. నామోషీ అడ్డొచ్చి మూడు రోజులు ఊరుకున్నాను. ఆ మూడు రోజులూ వాడు చెయ్యి ఎత్తలేదు. నాలుగో రోజున బోర్డు మీద లెక్క వేసి, వాడి జవాబే సరి అని అందరికీ చెప్పాను.

విమానానికీ అంతే. గంటకు 50 కిలోమీటర్ల గాలి పోయేటప్పుడు ఎదురైతే 35.2 నిమిషాలు, వచ్చేటప్పుడు వెనుక నుండి తోస్తే 28.8. మొత్తం 64. గాలే లేకపోతే 63 నిమిషాల 22 సెకన్లు.

దూరప్రయాణంలో ఈ తేడా చిన్నది కాదు సుమా! 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా వారు ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపారు. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా రెండు గంటల దాకా ప్రయాణం తగ్గింది! అక్కడ బాగా ఎత్తున గాలులు పడమటి నుండి తూర్పుకు వీస్తాయి. వాటి వాలున పోయారన్నమాట.

మరి హైదరాబాదు దారిలో గాలి వేగం 100 కిలోమీటర్లయితే రానూపోనూ ఎంతసేపు? మీరే వేసి మీ నాన్నగారికి చూపించండి. నాకు 66 నిమిషాలు వచ్చింది. ఈసారి రెండుసార్లు సరిచూసుకున్నాను లెండి.