విరిగితే విరగనివ్వండి
ప్రభుత్వ హైస్కూలు రోబో జట్ల తరఫున విజ్ఞప్తి

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, విద్యాశాఖ అధికారులారా!

పోటీకి రోబో తయారుచేసే పిల్లల చేతిలో వస్తువులు పాడవుతాయి. బ్యాటరీ తీగలు తారుమారైతే మోటార్ డ్రైవర్ బోర్డు క్షణంలో మాడిపోతుంది. మోయలేని బరువు ఎత్తబోతే సర్వో మోటారు లోపలి పళ్లు ఊడిపోతాయి. ఇక జంపర్ వైర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇవేవీ జరక్కుండా రోబో చేయడం ఎవరికీ రాలేదు.

మన ప్రభుత్వ హైస్కూళ్లలో చాలాచోట్ల విరిగిన ప్రతి ముక్కకూ స్టాక్ రిజిస్టరు ముందు జవాబు చెప్పుకోవాలన్న భయం ఉంది. బదిలీ మీద వెళ్లే హెచ్.ఎం. సామానంతా లెక్కప్రకారం అప్పజెప్పాలి. ఆడిట్‌లో తేడా వస్తే తన జేబులోంచి కట్టాల్సి వస్తుందేమోనని సైన్సు మాస్టారి బెంగ. దాంతో ఆర్డుయినోలు, సెన్సర్లు బీరువా ఎక్కుతాయి, తనిఖీ రోజున మాత్రం బల్లమీదికి వస్తాయి. ఇందులో మాస్టారి తప్పేమీ లేదు. మార్చాల్సింది లెక్కలు రాసే పద్ధతిని.

డబ్బు లేదని అనడానికి లేదు. కేంద్ర ప్రభుత్వ అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. ఎంపికైన స్కూలుకు, పిల్లలు తమ చేత్తో వస్తువులు తయారుచేసి నేర్చుకునే టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల వరకు ఇచ్చేలా పథకం వేశారు. అందులో సగం సామానుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. ఐదేళ్లలో ప్రభుత్వ స్కూళ్లలో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషం. కానీ పిల్లలు ముట్టుకోలేని ల్యాబ్ ఒకటైతేనేం, 50 వేలైతేనేం?

పిల్లల్ని సామాను ముట్టుకోనిస్తే ఏమవుతుందో చూడండి. అమెరికాలోని ఫీనిక్స్‌లో కార్ల్ హేడెన్ అనే ప్రభుత్వ హైస్కూలు ఉంది. 2004లో అక్కడి నలుగురు పిల్లలు, మెక్సికో నుంచి వలస వచ్చిన పేద కుటుంబాలవాళ్లు, నీటి అడుగున తిరిగే రోబోల పోటీకి శాంటా బార్బరా వెళ్లారు. నల్లా పనికి వాడే పీవీసీ గొట్టాలతో, సుమారు 800 డాలర్లతో చేసుకున్న రోబో అది. తీరా అక్కడికి వెళ్లాక ఎలక్ట్రానిక్ పెట్టెలోకి నీళ్లు కారాయి. ఆ తేమ పీల్చడానికి ఏం పెట్టారో తెలుసా? నెలసరికి వాడే ట్యాంపన్లు, దుకాణంలో కొనుక్కొచ్చి మరీ. కళాశాలల విభాగంలోనే పోటీపడి, పేరున్న ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఎంఐటీ జట్టును దాటి మొదటి బహుమతి గెలిచారు. ఏ సామాను దేనికి పనికొస్తుందో చేత్తో చేసి తెలుసుకున్నవాళ్లకే అలాంటి ఉపాయం తడుతుంది.

విద్యార్థుల కోసం జరిగే వెక్స్ రోబోటిక్స్ పోటీల్లో జట్లు ఇంజనీరింగ్ నోట్‌బుక్ రాస్తాయి. ఏది అనుకున్నారు, ఎక్కడ దెబ్బతింది, ఎలా మార్చారు అన్నదంతా అందులో ఉండాలి. న్యాయనిర్ణేతలు దాన్ని చదివి, పిల్లలనే ప్రశ్నలు అడుగుతారు. విఫలమైన డిజైనుకు అక్కడ విలువ ఉంది. మన రిజిస్టరులో అదే నష్టం కింద పడుతుంది. కిట్ అమ్మిన కంపెనీ మనిషి అన్నీ బిగించి, పిల్లవాడి చేత బటన్ నొక్కించి ఫొటో తీయించే స్కూళ్లు కూడా ఈ ప్రశ్నల దగ్గరే దొరికిపోతాయి.

మేం కోరేది పెద్ద పనేం కాదు. మోటార్లు, బోర్డులు, వైర్లు, బ్యాటరీలను వాడుక సామానుగా ప్రకటించాలి. సుద్దముక్క అరిగిందని ఎవరూ సంజాయిషీ అడగరు కదా, వీటినీ అలాగే చూడాలి. పదో తరగతికి వచ్చేసరికి పిల్లలకు పరీక్షల ఒత్తిడి తప్పదు, కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే జట్టు కట్టాలి. సాయంత్రం బడి వదిలాక ల్యాబ్ తెరిచి ఉంచాలి. ఆడపిల్లలు ఇంటికి చేరే దారి ముందే చూడాలి. చీకటి పడుతుందని వాళ్లను ఇంటికి పంపేసి మగపిల్లలతోనే జట్టు నడిపితే మేం ఒప్పుకోం.

నేర్పేవాళ్లు లేరంటారా? ఊళ్లో మోటార్ వైండింగ్ చేసేవారున్నారు, సెల్‌ఫోన్లు బాగుచేసేవారున్నారు. సోల్డరింగ్‌లో వాళ్లను మించిన గురువులు ఎక్కడ దొరుకుతారు? వారానికి రెండు సాయంత్రాలు పిలిచి, నిర్వహణ నిధుల్లోంచి గౌరవ వేతనం ఇప్పించేలా ఉత్తర్వు తేవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల యాజమాన్య కమిటీలు, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చే సమావేశంలోనే ఈ తీర్మానం చేయాలి: "పోటీకి సిద్ధమవుతూ పిల్లలు పాడుచేసిన సామానుకు ఏ ఉపాధ్యాయుడూ బాధ్యుడు కాడు. దాన్ని ఖర్చు కింద రాస్తాం." సంతకాలు చేసి ఒక ప్రతి మండల విద్యాధికారికి, ఇంకొకటి జిల్లా విద్యాధికారికి పంపండి. అందినట్లు రసీదు తీసుకోవడం మరవకండి.