నల్ల జీలకర్ర: కొనేముందు, తినేముందు



కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి వైపు గని కార్మికుల ఇళ్ళలో ఇప్పుడు కలోంజి మాట తరచు వినబడుతోంది. షుగరుకు మంచిదని ఒకరు, మోకాళ్ళ నొప్పికి మంచిదని మరొకరు చెబుతారు. తీరా కిరాణా కొట్టుకు వెళ్ళి "నల్ల జీలకర్ర ఇవ్వండి" అని అడిగితే ఒక్కోచోట ఒక్కో గింజ చేతిలో పెడతారు. అందుకే ఈ నెల ఈ గింజను గూర్చి తెలుసుకుందాం.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. అసలు కలోంజి నువ్వుగింజ కన్న చిన్నది. నిగనిగలాడని నలుపు, మూడు పలకలు, గరుకు పైతోలు దాని గుర్తులు. వేళ్ళ మధ్య నలిపితే వామును తలపించే ఘాటు వాసన వస్తుంది. బిర్యానీలో వేసే షాజీరను కూడ కొందరు నల్ల జీలకర్ర అనే పిలుస్తారు. అది సన్నగా, పొడుగ్గా, కొంచెం వంపు తిరిగి, గోధుమ రంగు కలిసిన నలుపుతో ఉంటుంది. అది కొత్తిమీర కుటుంబానిది, కలోంజికి చుట్టం కాదు.

మూడవది ఉల్లి విత్తనం. చూపుకు కలోంజి లాగే ఉంటుంది గాని నలిపితే ఆ ఘాటు వాసన రాదు. ఇక్కడ చాల జాగ్రత్త అవసరం. నారు పోయడానికి అమ్మే విత్తనాలకు తెగులు రాకుండా మందు పట్టిస్తారు. వాటిని పొరపాటున కూడ తినకూడదు. కలోంజిని విత్తనాల దుకాణంలో గాక, వంట సరుకులు అమ్మే చోటనే కొనండి.

వృక్షశాస్త్రంలో దీని పేరు నైజెల్లా సటైవా. లాటిన్ భాషలో 'నైజర్' అనగా నలుపు. మొక్క ఒకటి రెండు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకులు సోపు ఆకుల వలె దారాలుగా చీలి ఉంటాయి. పువ్వు తెలుపు లేక లేత నీలం. రేకుల వలె కనబడేవి నిజానికి రక్షక పత్రాలు. అసలు రేకులు చిన్నవై, లోపల తేనె పట్టుకొని ఉంటాయి. పువ్వు రాలాక కాయ బుడగ వలె ఉబ్బుతుంది. అది ఎండి పగిలితే నల్లని గింజలు బయటపడతాయి.

మన దేశంలో ఇది మధ్యప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల శీతాకాలపు పంట. పెరట్లో చూడాలనుకుంటే దీపావళి రోజుల్లో, నీరు నిలవని నేలలో అర అంగుళం లోతున చల్లండి. నారు పీకి నాటితే వేరు తట్టుకోదు, ఉన్నచోటనే పెరగనివ్వాలి. పంటకు నాలుగైదు నెలలు పడుతుంది. మన బొగ్గు ప్రాంతపు ఎండలు ముదరక ముందే కాయ పండాలంటే ఆలస్యంగా విత్తకూడదు.

ఈ గింజ కొత్తది కాదు. ఐగుప్తు రాజు టూటన్‌ఖామూన్ సమాధిలో కూడ ఇది దొరికింది. మన బైబిలులో యెషయా గ్రంథము 28వ అధ్యాయములో నల్ల జీలకర్ర, జీలకర్ర రెండూ కనబడతాయి. వాటిని నూర్చడానికి బండి చక్రము నడిపించరనీ, కర్రతో కొడతారనీ ప్రవక్త చెబుతాడు. మన రైతులకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. జొన్నలను పశువులతో తొక్కిస్తాము గాని, ఎండిన నువ్వుల కట్టను కర్రతో తట్టి దులుపుతాము గదా! పగలడానికి సిద్ధంగా ఉన్న కాయ మీద బరువు దొర్లిస్తే నూనెగింజ నలిగిపోతుంది. ఏ గింజకు ఎంత దెబ్బ కావాలో అంతే అని రైతుకు తెలుసు.

వాడకంలోను ఆ కొలతే కావాలి. వంటకు చిటికెడు చాలు. నూనెలో కొద్దిగా వేయించి పప్పు పోపులో గాని, బంగాళాదుంప కూరలో గాని వేయవచ్చు. బెంగాలీల ఐదు దినుసుల పోపులో ఇది ఒకటి. హైదరాబాదు నాన్ రొట్టెల మీద చల్లేదీ ఇదే. మితిమీరితే చేదు తగులుతుంది.

ఇక వైద్యం మాట. ఇందులోని థైమోక్వినోన్ అనే పదార్థం మీద చాల పరిశోధనలు జరిగాయి. రక్తంలో చక్కెర, రక్తపోటు కొంతవరకు తగ్గినట్టు చిన్న చిన్న పరీక్షలలో కనబడింది. అంతమాత్రాన ఇది షుగరు మాత్రకు బదులు కాదు. కలోంజి నూనె తాగుతూ మాత్రలు మానేస్తే చక్కెర తెలియకుండ పెరిగి కళ్ళను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మాత్రలతో పాటు ఎక్కువగా తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. గనిలో డ్యూటీ మీద ఉన్న మనిషికి కళ్ళు తిరిగితే ఏమవుతుందో మీకు తెలుసు.

గర్భవతులు దీనిని మందుగా వాడకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు డాక్టరును అడగకుండ నూనె ముట్టవద్దు. చర్మానికి రాసేవారు మొదట ముంజేతి మీద ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడాలి. కొందరికి దద్దుర్లు వస్తాయి.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కలోంజి వాడుతున్న సంగతి దాచక చెప్పండి. వీలైతే ఆ సీసాను కూడ చూపించండి.